ఆకలి తెలిసిన పెట్టె

డాక్టర్ వసుంధర ఎవరిని చూసినా ముందు అడిగే మాట "తిన్నారా?" నాడి పట్టుకోవడం, కనురెప్ప కిందికి లాగి లోపలి ఎరుపు చూడటం, రిపోర్టు తిరగేయడం, ఇవన్నీ దాని తరవాతే. ఒంగోలు చుట్టుపక్కల రోగులకు ఆమె అసలు పేరు గుర్తుండదు. "తిన్నారా డాక్టరమ్మ దగ్గరికి పోయొచ్చినాం" అంటారు. ఆ మాట చెవినపడితే వసుంధర పైకి విసుక్కునేది గాని లోపల సంతోషించేది. కర్నూలులో ఎంబీబీఎస్, వేలూరులో పైచదువు, హైదరాబాదులో పెద్ద ఆస్పత్రి ఉద్యోగం, వీటిలో ఏదీ ఇవ్వని పేరు ఆ ఒక్క పలకరింపు ఇచ్చింది. చివరికి ఆమెను బోల్తా కొట్టించింది కూడా ఆ పలకరింపే.

వసుంధర హెమటాలజిస్టు, అంటే రక్తం జబ్బుల డాక్టరు. ఆమె దగ్గరికి ఎక్కువగా వచ్చేది తలసీమియా పిల్లలు. వాళ్ళ ఎముకల్లోని మజ్జ రక్తాన్ని తయారు చేస్తుంది గాని అది నాసిరకం సరుకు, నాలుగు కాలాలు నిలవదు. రెండు మూడు వారాలకోసారి ఎవరో ఒకరి రక్తం ఎక్కించాలి. పూర్తిగా బాగుచెయ్యాలంటే మందులతో పాత మజ్జను చంపి కొత్తది పెట్టాలి. ఆ చంపే పనిలో ఒక్కోసారి మజ్జతోపాటు పిల్లలూ పోతారు. అలా పోయిన ఒక పిల్లవాడి తండ్రికి కబురు చెప్పి గదిలోకి వచ్చి కూర్చున్న రోజున ఆమెకు ఒక మొండి ఆలోచన పుట్టింది. పాతదాన్ని చంపేది కొత్తదానికి చోటు కోసమే కదా, ఆ కొత్తదాన్ని ఒంట్లో కాకుండా బయటే పెడితే?

ఆ ఆలోచన ఒక వస్తువుగా మారేసరికి ఆమె జుట్టు సగం నెరిసింది. ఉద్యోగం వదిలేసి, ఒంగోలు అవతల హైవే పక్కన కట్టిన ఒక పరిశోధన కేంద్రంలో చేరి, తోడుగా మెహరున్నీసా అనే పరిశోధకురాలిని పెట్టుకుని, దాన్ని సాధించింది. ప్రయోగం కాగితాల్లో దానికి చాంతాడంత పేరుంది. అందరూ అనేది పెట్టె అనే. చూడటానికి రైస్ కుక్కరంత ఉంటుంది. లోపల సన్నని చిల్లులున్న దిమ్మె, ఆ చిల్లుల్లో పిల్ల ఎముక నుంచి తీసి లోపం సరిదిద్దిన మూలకణాలు. అవి పెరిగి, గొట్టం చివరి సంచిలోకి మంచి రక్తాన్ని దించుతాయి. ఆ సంచి తెచ్చి ఆ పిల్లకే ఎక్కిస్తారు. తన రక్తం తనకే.

దానికి వారానికోసారి మేత కావాలి. ఆ మేత సీరం, అంటే రక్తంలోంచి కణాలు తీసేశాక మిగిలే పసుపుపచ్చని నీరు. అది కూడా ఆ పిల్ల రక్తసంబంధీకులదే అయివుండాలి. పరాయివాళ్ళది పోస్తే, కొత్త చెయ్యి పడినప్పుడు పాలు చేపని గేదెలా పెట్టె మొరాయిస్తుంది. మేత ఇచ్చేవాళ్ళు కడుపునిండా తిని రావాలన్నది వసుంధర పెట్టిన నియమం. బలమైన ఒంటి నుంచి బలమైన మేత వస్తుందని ఆమె లెక్క. అందుకే శనివారం శనివారం మేత ఇవ్వడానికి వచ్చిన ప్రతి తల్లినీ ఆమె స్వయంగా అడిగేది.

"తిన్నావా అమ్మా?"

"తిన్నానమ్మా" అనేవాళ్ళు అందరూ.

ఆరుగురు పిల్లలకు ఆరు పెట్టెలు పెట్టారు. మూడు నెలలు అన్నీ పొంగిపొర్లాయి. నాలుగో నెల నుంచి ఒక్కొక్కటే నీరసించడం మొదలుపెట్టింది. ఏడాది తిరిగేసరికి అయిదు పడుకున్నాయి. ఆ అయిదుగురు పిల్లలూ మళ్ళీ పరాయి రక్తం ఎక్కించుకోవడానికే తిరిగి వెళ్ళారు. నిలబడింది ఒకే ఒక్కటి, ప్రహర్షితది. ఊరికే నిలబడటం కాదు, నెలనెలా ఇంకా ఎక్కువ రక్తం ఇస్తోంది.

ప్రహర్షితకు పదకొండేళ్ళు. ఇంట్లో హర్షి అంటారు. ఆ పెట్టె పడిపోతే వెనక్కి పోవడానికి ఆ పిల్లకు దారి లేదు. చిన్నప్పటి నుంచి ఎక్కించిన పరాయి రక్తాల మీద ఆమె ఒళ్ళు తిరగబడింది. ఎవరి రక్తం ఎక్కించినా రెండు రోజుల్లో విరిచేస్తోంది. ఈ సంగతి వసుంధర ఆమె తల్లిదండ్రులకు దాచకుండా చెప్పింది. తండ్రి మాల్యాద్రి ఆర్టీసీ బస్టాండు ఎదుట టిఫిన్ బండి పెట్టుకుని బతికే మనిషి. తల్లి కోటేశ్వరి పిండి రుబ్బుతుంది, చట్నీలు చేస్తుంది, శనివారం శనివారం వచ్చి పెట్టెకు మేత ఇస్తుంది. వచ్చేటప్పుడు డాక్టరమ్మకని ఒక స్టీలు డబ్బాలో ఇడ్లీలు తెస్తుంది.

ఆ ఒక్క పెట్టె ఎందుకు బతికిందో తెలుసుకోవడానికి వసుంధర చూడని చోటు లేదు. గది వేడి చూసింది, కరెంటు చూసింది, కణాల్లో సరిదిద్దిన లోపాన్ని మళ్ళీ మళ్ళీ చదివింది. ఆ పెట్టె కిటికీ పక్కన ఉందని మిగిలిన వాటిని కూడా కిటికీ పక్కకు జరిపింది. జరిపినందుకు వాటిలో ఒక పెట్టె రెండు వారాలు ముందే పడుకుంది.

"మేడమ్, ఇంక వాస్తు ఒక్కటే మిగిలింది" అంది మెహర్.

"నిధులిచ్చేవాళ్ళు వచ్చే నెల వస్తున్నారు. అదీ చూడవలసి వస్తుందేమో" అంది వసుంధర. ఆమె నవ్వలేదు.

విషయం బయటపడింది శాస్త్రం వల్ల కాదు, ముక్కు వల్ల. ఆ శనివారం రక్తం తీసే టెక్నీషియన్ పెళ్ళికి పోయాడు. మెహర్ తనే కోటేశ్వరి చేతికి పట్టీ కట్టి సూది గుచ్చింది. "చెయ్యి ముడవమ్మా" అంటే కోటేశ్వరి "ఇట్టానా అమ్మా?" అని తల దగ్గరికి తెచ్చి అడిగింది. ఆ ఊపిరి తగలగానే మెహర్ ఒక్క క్షణం ఆగిపోయింది. మాగిపోయిన పండు వాసన. తనకు బాగా తెలిసిన వాసన.

సీరం తీసి, పెట్టెకు పోసి, మిగిలిన చుక్కల్లో ఒక పరీక్ష చేసుకుని వసుంధర గదికి వచ్చింది.

"మేడమ్, కోటేశ్వరి తిని రాలేదు."

"తిన్నానని చెప్పిందే. ఇడ్లీలు కూడా తెచ్చింది."

"తెచ్చింది మనకు. తను తినలేదు. ఇవాళ ఒక్కపూట సంగతి కాదు, రెండు మూడు రోజులుగా ఏం తినలేదు. రంజాన్ నెలలో సాయంత్రానికి మా ఇంట్లో అందరి నోటి నుంచీ ఈ వాసన కొంచెం కొంచెం వస్తుంది. ఈమెది అంతకు పదింతలుంది. పరీక్ష చేశాను, చూడండి."

వసుంధర చూసింది. తిండి లేక ఒళ్ళు తన కొవ్వును తనే కరిగించుకుంటున్నప్పుడు రక్తంలో కనిపించే పదార్థం సీరంలో నిండా ఉంది.

"మరి నేను అడిగితే తిన్నానని ఎందుకంటుంది?"

మెహర్ ఆమె వంక వింతగా చూసింది. "మేడమ్, తిన్నావా అని అడిగితే తినలేదని చెప్పే మనిషిని మీరు ఎక్కడన్నా చూశారా? మా అమ్మ అయితే కంచం ముందు కూర్చుని కూడా తిన్నాననే చెప్తుంది."

వసుంధరకు అప్పుడు అర్థమైంది. ఏడాదిగా తను అడిగింది పలకరింపు, విన్నది మర్యాద. దాన్ని తీసుకెళ్ళి ప్రయోగం లెక్కల్లో రాసుకుంది. ఇంత చదువు చదివి, ఈ నేల మీదే పుట్టి, తను చేసిన పని అది. ఆమెకు సిగ్గేసింది.

ఫ్రీజరులో దాచిన పాత సీరాలన్నీ బయటికి తీశారు. కోటేశ్వరివి శనివారం తరవాత శనివారం అన్నీ ఒకటే మాట చెప్పాయి. మిగిలిన తల్లులవి అన్నీ శుభ్రంగా తిన్నవాళ్ళవి. ఒక అనుమానం రుజువు చేసుకోవడానికి మెహర్ తన కణాలనే రెండు గాజుపళ్ళేల్లో వేసి, తను తిన్నరోజు సీరం ఒకదానికి, రెండు రోజులు పస్తున్నాక తీసిన సీరం ఇంకోదానికి పోసింది. తోడుగా వసుంధర కూడా పస్తు ఉంది. రెండో రోజు మధ్యాహ్నానికే సూది మూత కనబడలేదని మెహర్ మీద అరిచింది.

"మాకు సాయంత్రానికి ఇఫ్తార్ అయినా ఉంటుంది మేడమ్. మీరే పెట్టుకున్నారు ఈ ఉపవాసం, నన్నెందుకు అంటారు?" అంది మెహర్, నీరసంగానే నవ్వుతూ.

పస్తు సీరం పోసిన పళ్ళెంలో కణాలు రెట్టింపయ్యాయి. అర్థం చేసుకుంటే సులువైన సంగతే. కడుపు మాడినప్పుడు ఒళ్ళు పొదుపులో పడుతుంది, ముసలి కణాలను వదిలించుకుంటుంది, మజ్జలో నిద్రపోయే మూలకణాలను లేపి పనిలో పెడుతుంది. ఆ పిలుపు రక్తంలో కలిసి వస్తుంది. ఒంట్లో ఉన్న మజ్జకు ఆకలి అప్పుడప్పుడూ తెలుస్తుంది. పెట్టెలో ఉన్న మజ్జకు వసుంధర ఎప్పుడూ పండగ భోజనమే పెట్టింది. తిని తిని అవి నిద్రపోయాయి. హర్షి పెట్టె ఒక్కటే వారానికోసారి ఆకలి చూసింది. ఆ ఆకలి కోటేశ్వరిది.

ఆ పిలుపు ఏ పదార్థమో విడదీసి పట్టుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఈలోగా కోటేశ్వరిని పిలిచి మాట్లాడాలని వసుంధర అనుకుంటూ ఉండగానే మాల్యాద్రి ఫోను వచ్చింది.

"మేడమ్, మా ఆడమనిషి గ్రైండరు దగ్గర పడిపోయింది. లేపితే లేవటంలా."

ఆస్పత్రిలో కోటేశ్వరి గుండె కొట్టుకునే తీరు చూసి వసుంధరకు చెమట పట్టింది. మనిషి ఎముకల గూడులా ఉంది. ఒంట్లో ఉప్పులు అడుగంటాయి. ఏడాదిగా వారం వారం తన ఎదుట చెయ్యి చాపిన మనిషి. ఆ చేతిలోంచి సీరం తీసుకున్నారే గాని ఆ చెయ్యి ఎంత సన్నబడిందో ఎవరూ చూడలేదు. రక్తం డాక్టరు తన ముందు కూర్చున్న మనిషి రక్తాన్ని మేతగా చూసింది.

సెలైను ఎక్కి కాస్త తేరుకున్నాక వసుంధర మంచం పక్కన కూర్చుంది. ఈసారి తిన్నావా అని అడగలేదు.

"ఎప్పుడు మొదలుపెట్టావు కోటేశ్వరీ?"

కోటేశ్వరి మొహం తిప్పుకుంది. అటు చూస్తూనే అంది. "పెట్టె పెట్టిన రోజునే మొక్కుకున్నా. బుధవారం పొద్దుగూకినాక ముద్ద ముట్టను, శనివారం పెట్టెకి పాలు పోసినాకనే తింటానని మాలకొండ సామికి. బయటికి చెప్తే మొక్కు చెల్లదు డాక్టరమ్మా. ఇప్పుడు మీకు తెలిసిపోయింది. ఇంక నా బిడ్డకి ఏమవుద్దో."

సీరం పోయడాన్ని ఆమె పాలు పోయడం అనేది.

"నువ్వు చెప్పలేదుగా. నేను కనిపెట్టాను. మొక్కు బయటపెట్టింది నువ్వు కాదు."

కోటేశ్వరికి ఆ మాట ఆనలేదు. వసుంధర కూడా తను చెప్పదలుచుకున్న అసలు మాట చెప్పలేక కూర్చుంది. నీ ఉపవాసం పనిచేసింది, నీ కూతుర్ని బతికించింది అదే అని చెప్తే ఈమె ఈసారి చచ్చిపోయేదాకా తినదు. చెప్పకపోతే ఈమెను మోసం చేసినట్టు. అయినా చెప్పింది. మజ్జ సంగతి, ఆకలి సంగతి, పళ్ళెంలో కణాల సంగతి అన్నీ చెప్పి, "ఇంక నీ ఒళ్ళు దీనికి పనికిరాదు. ఇంకో రెండు నెలలు ఇలాగే ఉంటే గుండె ఆగిపోతుంది. మేత మీ ఆయన ఇస్తాడు" అంది.

"ఆయనా? ఆయన పస్తుంటాడా?" అంది కోటేశ్వరి. అంత నీరసంలోనూ ఆ గొంతులో అపనమ్మకం స్పష్టంగా వినిపించింది.

మాల్యాద్రి పక్కనే నిలబడి ఉన్నాడు. "ఎందుకుండను? నా బిడ్డ కాదా?" అన్నాడు.

ఆ వారం మాల్యాద్రి పస్తున్నాడు. శనివారం వచ్చి చెయ్యి చాపాడు. పెట్టెకు పోసిన నాలుగైదు గంటల్లోనే లోపల పుట్టే కొత్త కణాల లెక్క తెరమీద కనబడుతుంది. ఏడాదిలో మొదటిసారి ఆ లెక్క కిందికి దిగింది.

మెహర్ అతని సీరం పరీక్ష చేసి వచ్చింది. కాగితం వసుంధర చేతికిచ్చింది.

"మాల్యాద్రీ, తిన్నావా?"

"తినలా మేడమ్. మాలకొండ సామి మీద ఒట్టు."

"నిజం చెప్పు. నువ్వు దాచినా పెట్టె దాచదు."

అతను తల గోక్కున్నాడు. "ఉప్పు చూసినానంతే."

"ఎందులో?"

"చట్నీలో. సాంబార్లో చూసినా. నిన్న పొంగలి మాడిందేమోనని రవ్వంత నోట్లో వేసుకున్నా. మైసూరు బజ్జీ లోపల ఉడికిందా లేదా అని తుంచి చూడాల గదా మేడమ్. చూడకుండా జనానికి ఎట్టా అమ్మేది?"

వంటవాడికి ఉప్పు చూడటం తినడం కిందికి రాదు. అతను అబద్ధం చెప్పలేదు. వసుంధరకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తినకుండా తిన్నానన్న భార్య, తిని తినలేదన్న భర్త, ఇద్దరి మాటా నమ్మి ప్రయోగం చేస్తున్న తను.

"వచ్చే వారం బుధవారం సాయంత్రం బండి మూసెయ్" అంది.

"మూసేస్తా మేడమ్."

కానీ లెక్క దిగిన సంగతి కోటేశ్వరికి తెలిసింది. ఆమె లెక్క ఆమెకుంది. మొక్కు బయటపడింది, పెట్టె పడిపోతోంది. ఆయన చట్నీకీ దీనికీ ఏం సంబంధం?

ఆ మధ్యాహ్నం మెహర్ ఇంకో మాట ఎత్తింది. "మిగిలిన అయిదు కుటుంబాలకు ఎప్పుడు చెప్తాం?"

"ఏమని చెప్పమంటావు? అయిదుగురు తల్లుల్ని పస్తుండమనా? వాళ్ళు ఒకరోజు ఎక్కువే ఉంటారు గాని తక్కువ ఉండరు. కోటేశ్వరిని చూశావుగా."

"చూశాను. చెప్పకపోతే వాళ్ళ పిల్లల సంగతి మనమే తేల్చేసినట్టు కదా మేడమ్."

ఒక ఇంటి నుంచి ఒక్కరే కాకుండా మేనత్తలు, చిన్నాన్నలు, మేనమామలు వంతులు వేసుకుంటే ఎవరి ఒళ్ళూ చెడదన్నది వసుంధర ఆలోచన. మాల్యాద్రి చెల్లెలు పొదిలి నుంచి అప్పుడే ఫోన్ చేసి నా వంతు ఎప్పుడని అడిగింది కూడా. కానీ అదంతా నిలవాలంటే ముందు ఒక సంగతి తేలాలి. తల్లి మొక్కు లేకుండా, ఇంకొకరి ఆకలితో పెట్టె నిలుస్తుందా? గాజుపళ్ళెంలో నిలిచింది. పెట్టెలో ఇంకా తెలియదు.

శుక్రవారం పొద్దున ఆమెకు ఫోను వచ్చింది. హర్షి.

"డాక్టరమ్మా, నాన్న బండి మూసేసి పడుకున్నాడు. నిజంగానే ఏం తినలా, నేను చూస్తానే ఉన్నా. కానీ అమ్మ కూడా తినటంలా. కంచంలో పెట్టుకుంటది, నేను అటు తిరిగితే తీసుకెళ్ళి కుక్కకి పెడతది. అడిగితే తిన్నానంటది. అమ్మ తినకపోతే నేను ఆ రక్తం ఎక్కించుకోను. అది నా రక్తం కాదు, అమ్మ అన్నం."

వసుంధర ఆ పొద్దున ఏమీ తినలేదు. కావాలనే తినలేదు. మధ్యాహ్నం మంగమూరు రోడ్డులో వాళ్ళ రెండు గదుల ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. వసారాలో నవారు మంచం మీద మాల్యాద్రి ఫ్యాను వంక చూస్తూ పడుకుని ఉన్నాడు. పక్కింట్లో ఎవరో చేపల పులుసు తాలింపు పెడుతున్నారు. ఆ వాసన వచ్చినప్పుడల్లా అతను కళ్ళు మూసుకుంటున్నాడు.

"కోటేశ్వరీ, అన్నం పెట్టు. ఆకలేస్తోంది" అంటూ వసుంధర లోపలికి పోయి చాప మీద కూర్చుంది.

కోటేశ్వరి కంగారుపడింది, సంబరపడింది. కంచం కడిగింది. వేడన్నం, ముద్దపప్పు, గోంగూర పచ్చడి పెట్టి నెయ్యి గిన్నె పక్కన పెట్టింది. హర్షి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"నువ్వూ పెట్టుకో."

"నేను తిన్నా డాక్టరమ్మా."

వసుంధర కలపబోయిన చేతిని వెనక్కి తీసుకుంది. "అయితే నేనూ తిన్నా."

"అదేంది? ఇప్పుడేగా ఆకలన్నారు?"

"నువ్వు ఏం తిన్నావో నేనూ అదే తిన్నా."

కంచంలో అన్నం పొగలు కక్కుతోంది. ఇంటికి వచ్చిన మనిషి ముద్ద ముట్టకుండా కూర్చోవడం కోటేశ్వరి చూడలేకపోయింది. "అన్నం ముందు కూర్చుని తినకుండా లేవగూడదు డాక్టరమ్మా, తప్పు."

"తెలుసు. అందుకే లేవను. ఇక్కడే కూర్చుంటాను."

కోటేశ్వరి గోడకు ఆనుకుని చతికిలబడింది. ఇంక ఏడుపు ఆపుకోలేదు. "పోయిన వారం నేను తిన్నా. ఆస్పత్రిలో మీరు తినమంటే తిన్నా. పెట్టె పడిపోయింది. ఇప్పుడు మళ్ళీ తినమంటారు. రేపు అది ఆగిపోతే నా బిడ్డకి మీరు పూచీనా?"

అవునని ఒక్కమాట అంటే ఆమె తినేది. ఎన్నోసార్లు ఎందరో తల్లులకు అలాంటి మాట చెప్పి గండం గడిపిన డాక్టరే వసుంధర. ఆ రోజు నోరు రాలేదు.

"పూచీ పడలేను" అంది. "నీ మొక్కు సంగతి నాకు తెలియదు. అది నీకూ సామికీ మధ్యది. పెట్టెకు తెలిసింది నీ ఆకలి. ఆకలి ఎవరిదైనా ఒకటేనని నేను నమ్ముతున్నా. రుజువు ఇంకా లేదు, రేపు వస్తుంది. కానీ ఒకటి చెప్తాను విను. అక్కడ ఆయనా పస్తు, ఇక్కడ నువ్వూ పస్తు. రేపు పెట్టె నిలిచిందనుకో. ఎవరి వల్ల నిలిచింది? నాకు తెలియదు, నీకు తెలియదు. నీ వల్లేనని నువ్వనుకుంటావు. ఇంక బతికినన్నాళ్ళూ తినవు. ఎన్నాళ్ళు బతుకుతావు అట్లా? తరవాత ఆ పిల్లకు అన్నం ఎవరు పెడతారు?"

గుమ్మంలో నుంచి హర్షి అంది. "నేను ఎక్కించుకోనని చెప్పినాను గదా."

వసారాలో మంచం కిర్రుమంది. మాల్యాద్రి పడుకునే అన్నాడు. "తినవే. ఈసారి ఉప్పు కూడా చూడలా. నా ఆకలి ఆకలి కాదా?"

కోటేశ్వరి కొంగుతో మొహం తుడుచుకుంది. తరవాత లేచి, ఇంకో కంచం తెచ్చుకుని, డాక్టరమ్మ ఎదురుగా కూర్చుంది. ముద్ద కలిపి చేతిలో పట్టుకుని కళ్ళు మూసుకుంది. సామితో ఏం చెప్పుకుందో ఏమో, తింది. వసుంధర కూడా తింది. గోంగూరలో ఉప్పు కొంచెం ఎక్కువైంది. రెండు రోజులుగా రుచి చూసేవాళ్ళు లేని వంట అది.

శనివారం తెల్లారగానే ముగ్గురూ మొదటి బస్సుకు వచ్చారు. మాల్యాద్రి చెయ్యి చాపాడు. మెహర్ సీరం తీసి, ఈసారి ముందే పరీక్ష చేసి, వసుంధరకు తల ఊపింది. పెట్టెకు పోశారు. ఇంక చేసేదేం లేదు, ఆగడమే.

వాళ్ళు ముగ్గురూ ప్రయోగశాల ముందు వరండాలో బల్ల మీద కూర్చున్నారు. మాల్యాద్రి ఇక తినొచ్చు. లెక్క తెలిశాకే తింటానన్నాడు. కోటేశ్వరి పక్కన ఇడ్లీల డబ్బా మూత తియ్యకుండా ఉంది. ఎప్పటిలా చిన్న డబ్బా కాదు, పెద్దది. హర్షి తల్లి భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. వసుంధర లోపలికీ బయటికీ తిరిగింది. ఆమెకు భయంగా ఉంది. ఈ లెక్క దిగితే హర్షికి ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు, ఆ ముద్ద కోటేశ్వరి చేత తినిపించింది తనే.

మధ్యాహ్నం కావస్తుండగా మెహర్ తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

"నిలిచింది మేడమ్. పోయిన వారం కంటే చాలా పైకి వచ్చింది. ఆమె ఇచ్చినప్పుడు ఎంత ఉండేదో దాదాపు అంత ఉంది."

మాల్యాద్రి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. కోటేశ్వరి ముందు అర్థంకానట్టు చూసింది. "నేను తిన్నా గదా?" అంది. ఇంకోసారి అంది. తరవాత హర్షి తలను భుజం మీంచి కదలకుండా రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు లేకుండా ఏడ్చింది. వసుంధర మెహర్ వైపు తిరిగింది.

"సోమవారం ఆ అయిదు కుటుంబాలనూ రమ్మను" అంది. "ఒక్కొక్కరిని కాదు, అందర్నీ ఒకేసారి. తల్లులొక్కళ్ళే వస్తే కుదరదు. అత్తలు, మామలు, బాబాయిలు, రక్తం పంచుకున్నవాళ్ళంతా రావాలి. కోటేశ్వరి గుండె రిపోర్టు కూడా వాళ్ళ ముందు పెడదాం. ఒప్పుకుంటావా కోటేశ్వరీ?"

"పెట్టండి డాక్టరమ్మా" అంది కోటేశ్వరి కళ్ళు తుడుచుకుంటూ.

వసుంధర ఆమె పక్కన కూర్చుంది. ఇంకేం మాట్లాడాలో తోచక, ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ నోటికి వచ్చిన మాటే అడిగింది.

"తిన్నావా?"

కోటేశ్వరి తిన్నానని చెప్పడానికి నోరు తెరిచింది. ఆ మాట దాదాపు బయటికి వచ్చింది కూడా. ఆగింది.

"లేదు డాక్టరమ్మా" అంది. "పొద్దున్నుంచీ ఏం తినలా. బో ఆకలిగా ఉంది."

మెహర్ లోపలికి పోయి చేతులు కడుక్కుని వచ్చింది. కోటేశ్వరి డబ్బా మూత తీసి మొదటి ఇడ్లీ తనే తీసుకుంది, మొగుడికి కూడా పెట్టకుండా. అందరూ ఆ బల్ల దగ్గరే తిన్నారు. ఈ వరండాలో తినరాదని గోడకు బోర్డు కొట్టించింది వసుంధరే. దాని కిందే కూర్చుని ఆమె మూడు ఇడ్లీలు తింది.